దొరసాని లేచి నిలబడేదాకా

ఆ గుర్రాల ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గడ్డి దింపే లారీ డ్రైవరు దాకా అందరికీ ఆమె ముడులమ్మే. చేరినప్పుడు నేల కడిగే పని. ఇప్పుడు చేసేది తాళ్ళ పని. గుర్రానికి మత్తిచ్చి ఆపరేషన్ చేశాక, అది తేరుకుని నాలుగు కాళ్ళ మీద నిలబడేదాకా దాని తోకకీ తలకీ కట్టే తాళ్ళు ఆమె బాధ్యత.

వింటే ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఆమె ఆడపడుచు ఒకసారి అడగనే అడిగింది. “గుర్రం తోక పట్టుకుంటే జీతమిస్తారా వదినా?”

“పట్టుకుంటే కాదు, వదలకపోతే ఇస్తారు” అంది ముడులమ్మ.

మనిషైతే మత్తు దిగేదాకా మంచం మీద మూలుగుతూ పడుంటాడు. గుర్రం అలా పడుండదు. పడుకుని ఉండటమంటేనే దానికి ప్రాణభయం. కాస్త తెలివి రాగానే, తల తిరుగుతున్నా, కాళ్ళు స్వాధీనంలో లేకపోయినా, ఐదారొందల కిలోల ఒంటిని ఒక్క ఊపున పైకి లేపబోతుంది. ఆ ఒంటిని మోయవలసినవేమో పుల్లల్లాంటి కాళ్ళు. తూలి పక్కకి పడితే కాలు విరుగుతుంది. కాలు విరిగిన గుర్రానికి ఆ తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు. కడుపు కోసి మూడు గంటలు శ్రమపడి బతికించిన గుర్రాలు, లేచే ఆ రెండు నిమిషాల్లో పోయిన సందర్భాలు ఆమె కళ్ళారా చూసింది.

అందుకని అక్కడ ‘లేచే గది’ అని ఒకటుంది. నాలుగు గోడలకీ మనిషెత్తు దాటి దళసరి మెత్తలు, కింద పరుపు, ఒకే ఒక్క తలుపు. గోడలో పైన రెండు ఇనుప రింగులు. గుర్రం తోకకి కట్టిన తాడు ఒక రింగులోంచీ, ముఖానికి తొడిగిన మెత్తటి పట్టీకి కట్టిన తాడు రెండో రింగులోంచీ బయటికి వస్తాయి. బయట ఇద్దరు నిలబడి, తలొక తాడునీ ఇనుప కడ్డీకి ఒక్క చుట్టు తిప్పి పట్టుకుని, గోడకున్న సన్నటి కిటికీలోంచి చూస్తుంటారు. గుర్రం లేవబోయినప్పుడు తోక తాడు వెనక భాగాన్ని కాసుకుంటుంది, తల తాడు తూలకుండా సరిచేస్తుంది. లేచేది గుర్రమే. పడిపోకుండా చూడటం వరకే వీళ్ళ పని.

ముడులు ఆమెకి వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయన లారీల మీద సరుక్కి టార్పాలిన్ పట్టాలు కప్పి తాళ్ళు బిగించే మనిషి. చిన్నప్పుడు బొమ్మ కావాలని మారాం చేస్తే రెండు మూరల తాడు చేతిలో పెట్టి కూర్చోబెట్టేవాడు. “బిగిసి ఉండటం ఎవడు వేసిన ముడైనా బిగిసే ఉంటుందే పిచ్చిదానా. విప్పమన్నప్పుడు విడిపోవాలి, అదీ లెక్క” అనేవాడు. ఆ మాట అర్థమవడానికి ఆమెకి ముప్పై ఏళ్ళు పట్టింది. అర్థమైన రోజు మాత్రం చాలా చెడ్డ రోజు.

పదకొండేళ్ళ కిందటి మాట అది. తాళ్ళ పనిలోకి వచ్చిన రెండో ఏడు. ఒక ఎర్ర గుర్రానికి తల తాడు ఆమే కట్టింది. తొందరలో ఒక మెలిక ఎక్కువ పడింది. గుర్రం లేవబోయి పడింది, పడ్డప్పుడు తాడు దాని ముంగాలికి చుట్టుకుంది. అప్పటి డాక్టరు ప్రాణాలకి తెగించి లోపలికి ఉరికి, పట్టీ దగ్గర తాడు విప్పబోయాడు. ముడి రాయిలా బిగుసుకుపోయి ఉంది. కత్తి తెచ్చేలోపు గుర్రం ఇంకోసారి లేవబోయింది. టప్‌మని చప్పుడు వినపడింది. ఎండు కొమ్మ విరిగినట్టు, అంతే.

“ఎవరు కట్టినా అలాగే అయ్యేదమ్మా” అన్నాడు డాక్టరు ఆ సాయంత్రం. ఆయన మంచివాడు. ఆమె తలూపింది కానీ ఆ మాట ఆమె చెవిలోకే పోలేదు.

అప్పట్నుంచి ఆమెకి నిశ్చింతగా కూర్చోవడమంటే ఏమిటో తెలియకుండా పోయింది. ఇంట్లో గ్యాసు కట్టేసిందీ లేనిదీ మూడుసార్లు చూస్తుంది. వీధి తలుపు గడియ వేసి, పది అడుగులు నడిచి, వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. తల తాడు పట్టుకోనని తెగేసి చెప్పి, తోక తాడు దగ్గరే ఉండిపోయింది. ఆమెతోపాటు పనిచేసే పొడుగాయన తల తాడు కట్టినా, “బాగానే ఉందయ్యా” అంటూనే విప్పేసి మళ్ళీ తనే కట్టేది. ఆరేళ్ళుగా ఇదే వరస. పొడుగాయన నలభై దాటిన మనిషి, ద్వారబంధాలకి తల కొట్టుకోకుండా ఉండటానికి ఎప్పుడూ కాస్త వంగి నడుస్తాడు. ముడి విప్పినప్పుడల్లా ఆయన పైకప్పు వైపు చూసేవాడు.

ఇదిలా ఉండగా నాలుగు నెలల కిందట ఆమె కుడి చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట్లో నిద్ర లేచాక ఒక నిమిషం. విదిలిస్తే పోయేది. తర్వాత విదిలించినా పోయేది కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఈ మూడూ తనవి కానట్టు ఉండేవి. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగింది. ఎర్రగా కనిపించాక గానీ తెగినట్టు తెలియలేదు.

ఎవరికీ చెప్పలేదు. కానీ ఆమె భర్త గడియారాలు బాగుచేసే మనిషి. రోజంతా భూతద్దం కంటికి తగిలించుకుని ఆవగింజంత మరలతో సావాసం చేసేవాడికి పెళ్ళాం వేళ్ళ సంగతి ఎన్నాళ్ళు తెలియకుండా ఉంటుంది? ఒకరోజు పొద్దున్నే ఆమె గ్లాసు జారవిడిచింది. వారంలో అది మూడోది. ఆయన చీపురు తెచ్చి, గాజు పెంకులు ఎత్తి, ఆమెని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

“కళ్ళు మూసుకో. కుడి చెయ్యి చాపు.”

చాపింది.

“నీ వేళ్ళ మధ్య ఎన్ని మరలు పెట్టానో చెప్పు.”

ఆమె బొటనవేలితో చూపుడువేలిని రాసి చూసింది. “ఒకటి.”

“కళ్ళు తెరువు.”

వేళ్ళ మధ్య ఏమీ లేదు. రెండు మరలూ ఎప్పుడో జారి బల్ల మీద పడి ఉన్నాయి.

ఆయన ఆ మరలు ఏరుకున్నాడు. “మీ డాక్టరమ్మకి చెప్పెయ్యవే” అన్నాడాయన మెల్లగా.

“చెబితే మళ్ళీ చీపురు చేతికిస్తారండీ.”

“ఇస్తే ఏమైంది? నేనిప్పుడు పట్టుకోలేదా?”

ఆమెకి నవ్వు రాలేదు. “నేల కడగడం నామోషీ కాదు. కానీ ఆ గదిలో ఎవరో ముడి వేస్తుంటే, అది ఎలా వేశారో తెలియకుండా నేను బయట బకెట్టు పట్టుకుని తిరగాలి. నా వల్ల కాదు” అంది.

 ఆయన ఆ రోజే గాజు గ్లాసులు పైఅరలో పెట్టేసి, స్టీలువి కిందికి దించాడు.

దొరసాని వచ్చింది ఒక మంగళవారం పొద్దున. లారీ వెళ్ళలేని కొండవాలు మీదనుంచి కలప దుంగలు కిందికి లాక్కొచ్చే ఆడగుర్రం అది. కడగని బకెట్టులో నీళ్ళు తాగదు, తడి గడ్డి మీద కాలు పెట్టదు, అందుకని ఆ పేరు. కడుపునొప్పితో పొర్లి పొర్లి, చెమటతో ఒళ్ళంతా నల్లగా తడిసి, పేగు మెలిక పడి వచ్చింది. దాన్ని తెచ్చిన కలపాయన పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, కనపడిన ప్రతి మనిషినీ “బతుకుతుందంటారా?” అని అడుగుతున్నాడు. ముడులమ్మనీ అడిగాడు.

“కోసి సరిచేసేది డాక్టరమ్మ. ఆవిడ చెయ్యి మంచిది” అంది ముడులమ్మ. తన చేతి మాట ఎత్తలేదు.

రెండున్నర గంటలు పట్టింది. మెలిక విడిపోయిందనీ, పేగు రంగు తిరిగిందనీ లోపల్నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి క్రేను గొలుసులకి కాళ్ళు కట్టిన దొరసాని గాలిలో తేలుతూ వచ్చి లేచే గదిలోని పరుపు మీద ఎడమ పక్కకి వాలింది. నోట్లో ఊపిరి గొట్టం, చెవుల్లో దూది, కళ్ళకి మందు. డాక్టరమ్మ తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పొడుగాయన ముఖపట్టీకి తాడు కట్టేశాడు. ఈసారి దాన్ని విప్పి చూడకుండానే ముడులమ్మ తోక దగ్గరికి వెళ్ళింది.

తోక చేతిలోకి తీసుకుని చూసింది. దొరసానికి తోక వెంట్రుకలు సగమే ఉన్నాయి. దురదపెట్టి ఎక్కడో చెట్లకేసి రాసుకుని రాలగొట్టుకుంది.

తోక ముడి ఎలా వేస్తారంటే, తోక ఎముక అయిపోయాక మిగిలిన వెంట్రుకలని దువ్వి, ఒక్క పాయ చేసి, పైకి మడిచి ఉచ్చులా చేస్తారు. తాడు కొస ఆ మడతలోంచి దూర్చి, వెనకనుంచి మొత్తం చుట్టి, తన కిందనుంచే తను దూరేలా లాగుతారు. సరిగ్గా కూర్చుంటే, గుర్రం బరువు పడేకొద్దీ తాడు వెంట్రుకల్ని ఇంకా ఇంకా కొరుక్కుంటుంది. సరిగ్గా కూర్చోకపోతే నూనె రాసిన పాములా జారిపోతుంది. రెండింటికీ చూపులో తేడా ఉండదు. వేళ్ళకే తెలుస్తుంది.

ఆమె దువ్వింది, మడిచింది, చుట్టింది, లాగింది. వేళ్ళకి ఏమీ తెలియలేదు. చలికాలంలో దళసరి చేతొడుగులు వేసుకుని పిండి కలిపినట్టుంది. గట్టిగా గుంజి చూసింది, నిలిచింది. కానీ ఓ పక్కన నాలుగు వెంట్రుకలు పాయలోంచి జారి బయటికొచ్చాయి. విప్పేసింది. మళ్ళీ కట్టింది. ఈసారి వెంట్రుకలేవీ రాలేదు. నుదుటి చెమట కంట్లోకి దిగింది.

“అయిందా అమ్మా?” అంది డాక్టరమ్మ, గుర్రం కంటిమీదనుంచి చూపు తిప్పకుండా.

“అయిందమ్మా.”

ఆ మాట నోరు దాటాక గానీ తనేమందో ఆమెకి తెలియలేదు. అప్పటికే కాళ్ళు ఆమెని తలుపు దాటించేశాయి.

బయట కడ్డీ దగ్గర తాడుకి ఒక చుట్టు తిప్పి నిలబడింది. రెండో కడ్డీ దగ్గర పొడుగాయన. కిటికీలోంచి చూస్తే దొరసాని పొట్ట నెమ్మదిగా ఎగిసి పడుతోంది. తోక దగ్గర ముడి చక్కగా, ముద్దుగా ఉంది. ఎర్ర గుర్రం పట్టీ దగ్గరి ముడి కూడా అంతే ముద్దుగా ఉండింది. ఆమె కుడి చేతిని తాడు మీద ఒత్తి చూసుకుంది. తాడు ఉందని కళ్ళు చెబుతున్నాయి, చెయ్యి చెప్పడం లేదు. ఇది లేస్తుంది, వెనక కాళ్ళు వణుకుతాయి, బరువంతా ఈ తాడు మీద పడుతుంది, అప్పుడు ఈ నాలుగు వెంట్రుకలూ... ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. మళ్ళీ మొదటికి వెళుతోంది.  చెబితే ఈ పని పోతుంది. చెప్పకపోతే, ఏమో, ఏమీ కాకపోవచ్చు కూడా. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఏమీ కాదు.

దొరసాని కుడి చెవి కొద్దిగా కదిలింది.

ముడులమ్మ తాడు వదిలేసి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. “డాక్టరమ్మా, తోక ముడి మీద నాకు నమ్మకం లేదు.”

“అయిందన్నావుగా?”

“అన్నాను. నా కుడి చేతికి స్పర్శ లేదమ్మా. నాలుగు నెలలైంది. ముడి కూర్చుందో లేదో వేళ్ళకి తెలియలేదు. చూపుకి బాగానే ఉంది. చూపుని నమ్మి వదిలెయ్యలేను.”

డాక్టరమ్మ ఒక్కసారి తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. మళ్ళీ గుర్రం కంటివైపు తిరిగింది. “కనుగుడ్డు ఆడటం మొదలైంది, తెలివొస్తోంది. కాస్త మత్తు మళ్ళీ ఎక్కిస్తే ఐదు నిమిషాలు దొరుకుతాయి. అంతకంటే ఇవ్వలేను. పొడుగాయన్ని పిలువు.”

పొడుగాయన వంగి లోపలికొచ్చాడు. సంగతేమిటని అడగలేదు, తలుపు దగ్గర విన్నట్టున్నాడు. ఇద్దరూ గుర్రం వీపు వైపునుంచి, కాళ్ళకి అందకుండా తోక దగ్గరికి చేరారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆమె వేసిన ముడి విప్పాడు. ఆరేళ్ళలో ఆమె ముడిని ఆయన విప్పడం అదే మొదటిసారి.

“వెంట్రుకలు పలచగా ఉన్నాయి. ఒక చుట్టు చాలదు, రెండు వెయ్యి. రెండోది మొదటిదాని పక్కన కూర్చోవాలి, దాని మీద ఎక్కకూడదు” అంది ముడులమ్మ.

“తెలుసక్కా.”

“తెలుసని నాకూ తెలుసయ్యా. అయినా చెప్పనీ.”

పొడుగాయన చేతులు పెద్దవి. తాడు వాటిలో సన్నబడిపోయినట్టుంది. ఇన్నేళ్ళూ ఆమె ఆయన ముడులే చూసింది, చేతులు చూడలేదు. తొందర లేదు వాటికి. మడత పట్టుకున్న ఎడమచెయ్యి అస్సలు కదలదు. కుడిచెయ్యి ఒకసారి చుట్టింది, రెండోసారి చుట్టింది, కిందనుంచి దూర్చి లాగింది.

“కూర్చుందా?” అంది ఆమె.

“కూర్చుంది.”

“ఎలా తెలిసింది?”

ఆయన ముడిని బొటనవేలితో నొక్కాడు. “బిగువు చొక్కాకి గుండీ పెడుతుంటే, కన్నంలో పడగానే తెలుస్తుంది చూడక్కా, అలాగ.”

సరిగ్గా అదే. వేళ్ళున్నప్పుడు ఆమెకీ అలాగే తెలిసేది.  “ఇక నడువు” అంది. అదే క్షణంలో దొరసాని పై వెనక కాలు జాడించింది. గిట్ట పరుపుకి తగిలి ధభీమంది. ఇద్దరూ గోడ వారనే బయటపడ్డారు. గుర్రం గుటక వేసింది, డాక్టరమ్మ గొట్టం లాగేసి, వెనక్కి నడుస్తూ వచ్చి తలుపు గడియ వేసింది.

“తోక తాడు ఎవరు పడతారు?” అంది.

“పొడుగాయన” అంది ముడులమ్మ. “బరువు దాని మీదే పడుతుంది. నా పట్టు చాలదు. తల తాడు నేను తీసుకుంటాను. ఎడమ చెయ్యి బాగానే ఉంది.”

పదకొండేళ్ళ తర్వాత తల తాడు చేతిలోకి తీసుకుంది.  పట్టీ దగ్గర పొడుగాయన వేసిన ముడిని కిటికీలోంచి చూసింది. ఇక విప్పి కట్టడానికి వీల్లేదు. ఆయన చేతినే నమ్మాలి.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. ఆమె జీవితంలో అంత పొడుగాటి ఇరవై నిమిషాలు లేవు. దొరసాని చెవులు ఆడించింది, పెదవి వేలాడేసింది, తలెత్తి మళ్ళీ వాల్చింది. కలపాయన నడవా చివర నిలబడి ఉన్నాడు. టోపీ ఇప్పుడు చేతుల్లో లేదు, నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు.

ఒక్కసారిగా గుర్రం పొర్లి రొమ్ము మీదికి వచ్చింది. “లాగొద్దు. దాన్ని కూర్చోనివ్వండి” అని గుసగుసలాడింది డాక్టరమ్మ. దొరసాని అలాగే కూర్చుని, తాగినవాడిలా తల ఊపుతూ, గదిని పరికించింది. తర్వాత ముంగాళ్ళు చాపింది. వెనక కాళ్ళు సగం లేచి, మడతపడి, ఒళ్ళంతా కుడి గోడకేసి పడింది. మెత్తలు అదిరాయి.

ముడులమ్మ చేతిలోని తాడు వదులై, వెంటనే బిగిసింది. తల కిందికి పోతోంది, తాడు వదులు చెయ్యాలి. చేసింది. తాడు కదలలేదు. పైన రింగు దగ్గర ఒక మెలిక పడి ఇరుక్కుంది. గుర్రం మెడ గోడవైపు తిరిగిపోయి, ముక్కు పైకి లేచిపోయింది.  చెవుల్లో ఆ పాత చప్పుడు, టప్‌మని, ఇంకా వినపడకముందే వినపడింది.

“అక్కా, ఇరుక్కుంది!” అన్నాడు పొడుగాయన.

“చూశాను.”

తాడు గుంజితే మెలిక ఇంకా బిగుస్తుంది. చిన్నప్పుడు లారీ మీద పట్టా అంచుకి తాడు పట్టేసినప్పుడు వాళ్ళ నాన్న గుంజేవాడు కాదు. ఆమె ఒక అడుగు ముందుకేసి తాడు కాస్త వదులు చేసుకుని, ఎడమ చేత్తో కింద నుంచి ఒక్క విసురు విసిరింది. తాడులో అల ఒకటి పైకి పాకింది. అందలేదు. రెండో విసురు. అల రింగు దాకా వెళ్ళి కొట్టింది, మెలిక ఎగిరి విడిపోయింది. తాడు సర్రున జారింది, అరచెయ్యి మండింది. దొరసాని మెడ సాగి, తల పరుపు మీదికి వచ్చి, ముక్కుపుటాలు రెండూ విప్పి గట్టిగా ఊపిరి వదిలింది.

 డాక్టరమ్మ చెయ్యి ముడులమ్మ భుజం మీద ఒక్క క్షణం ఆని వెళ్ళిపోయింది.

రెండోసారి గుర్రం ఇంకాస్త తెలివిగా లేచింది. ముంగాళ్ళు దూరంగా నాటుకుని, ఒక్క మూలుగు మూలిగి, వెనక భాగాన్ని ఎత్తింది. “ఇప్పుడు!” అంది డాక్టరమ్మ. పొడుగాయన కడ్డీకి పాదం తన్నిపట్టి, ఆరడుగుల పైచిలుకు ఒంటితో వెనక్కి వేలాడాడు. తాడు తీగలా మోగింది. వెనక కాళ్ళు ఎడమకి ఊగాయి, కుడికి ఊగాయి, మోకాళ్ళు వంగబోయాయి. బరువంతా ఆ సగం తోక మీద, ఆ రెండు చుట్ల మీద ఉంది. ముడులమ్మ తల తాడుని బిగుతుగానూ కాక వదులుగానూ కాక పట్టుకుని, కళ్ళు మాత్రం తోక దగ్గరే పెట్టుకుంది. వెంట్రుకలు జారాయా? జారలేదు. మళ్ళీ చూసింది. జారలేదు. తనకి తెలియకుండానే పైకి అంటోంది, “ఉండు తల్లీ, ఉండు, ఉండు.”

దొరసాని ఉంది. కాళ్ళు నాలుగూ బల్ల కోళ్ళలా ఎడంగా పెట్టుకుని, వణుకుతూ, చెమటలు కక్కుతూ, ఎవరో తనని అవమానించినట్టు ముఖం పెట్టి నిలబడింది. ఇంకో పావుగంట ఇద్దరూ తాళ్ళు వదలలేదు. ఆ తర్వాత పొడుగాయన లోపలికెళ్ళి తోక ముడి విప్పాడు. అంత బరువు మోసిన ముడి గవ్వలా బిగుసుకుని ఉంది. వెనకనుంచి బొటనవేలితో తోస్తే రెండు చుట్లూ మెత్తగా విడిపోయాయి.

నడవా చివర కలపాయన గోడకి ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. ముడులమ్మ వెళ్ళి చెప్పేదాకా ఇటు తిరగలేదు. చెప్పాక కూడా, “నాలుగు కాళ్ళ మీదేనా?” అని అడిగాడు.

“నాలుగు కాళ్ళ మీదే” అంది ఆమె. అప్పుడు ఓ బకెట్టు బోర్లించుకుని కూర్చుంది.

సాయంత్రం డాక్టరమ్మ పిలిచింది. మెచ్చుకుంటుందని ముడులమ్మ అనుకోలేదు, మెచ్చుకోలేదు కూడా. “నాలుగు నెలలు” అంది డాక్టరమ్మ. “ఈ నాలుగు నెలల్లో ఎన్ని గుర్రాలు?”

“పంతొమ్మిది.”

“పంతొమ్మిది గుర్రాలు, ప్రతిసారీ నువ్వు అయిందంటే నేను నమ్మాను. లోపల గుర్రం కాళ్ళ దగ్గర కూర్చునేది నేను, నువ్వు, ఆ పొడుగాయన. మన తలలు కూడా ఆ ముడికే కట్టి ఉంటాయి, తెలుసా?”

“తెలుసమ్మా.”

“మరి?”

“భయమేసింది” అంది ముడులమ్మ. 

డాక్టరమ్మ చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. “ఇవాళ చెప్పావు. ఆలస్యంగానైనా చెప్పావు, దాన్నేమీ తీసిపారెయ్యను. కానీ ఆ చెయ్యి బాగయ్యేదాకా నువ్వు ముడి వెయ్యకూడదు. పొడుగాయన వేస్తాడు, నువ్వు పక్కన నిలబడి చూస్తావు. రేపు చేతి డాక్టరు దగ్గరికి వెళ్ళు, చీటీ రాసిస్తాను.” చీటీ రాస్తూనే, “చీపురు ఇస్తాననుకున్నావా?” అంది.

ముడులమ్మ తల దించుకుంది. ఏడుపొచ్చింది కానీ అక్కడ ఏడవలేదు. ఇంటికెళ్ళి, భర్త పక్కన కూర్చుని, ఆయన ఏదో గడియారానికి తాళమిస్తుంటే ఆ కిరకిర శబ్దం వింటూ ఏడ్చింది. ఆయన చేతిలోని గడియారం కింద పెట్టలేదు, ఇంకో చెయ్యి ఆమె వీపు మీద వేశాడు.

మణికట్టు దగ్గర నరం నలుగుతోందన్నాడు చేతి డాక్టరు. పదో రోజున ఆపరేషన్. చేతికి మాత్రమే మత్తిచ్చారు. “నాకు సగం ముందే ఎక్కి ఉందండీ, ఆ మేరకు తగ్గించండి” అని ఆమె అంటే నర్సు నవ్వింది. కుట్లు వేస్తుంటే చూడొద్దన్నా వినకుండా మెడ సాచి చూసింది.

“డాక్టరుగారూ, ఆ ముడి జారదాండీ?”

“జారదమ్మా. ఇరవై ఏళ్ళ నుంచి వేస్తున్నాను.”

“విప్పేటప్పుడెలా మరి?”

“కత్తిరిస్తాం.”

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు.

రెండు వేళ్ళకి స్పర్శ మూడు నెలల్లో తిరిగొచ్చింది. మధ్యవేలి కొసకి ఈ రోజుకీ పూర్తిగా రాలేదు. ఇప్పుడు మళ్ళీ ముడులు వేస్తోంది. భయం పోయిందా అంటే పోలేదు. గ్యాసు ఇంకా మూడుసార్లు చూస్తూనే ఉంది. కాకపోతే, అనుమానమొస్తే గదిలో అందరికీ వినపడేలా అనేస్తోంది. మొదట్లో ఆ గొంతు విని కొత్త డాక్టర్లు ఉలిక్కిపడేవారు.

దొరసాని ఇంటికి వెళ్ళిన రోజున మాత్రం ఆమె చేతికి ఇంకా కట్టు ఉంది. పద్నాలుగో రోజు పొద్దున, కలపాయన కొత్త పగ్గం తెచ్చాడు. గుర్రం చిక్కిపోయింది, పొట్ట కింద గీసిన చోట బొచ్చు ముళ్ళుముళ్ళుగా మొలుస్తోంది. లారీకి వాల్చిన బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ముందు రోజు వానకి బల్ల తడిగా ఉంది. కలపాయన బతిమాలాడు, నాలుక చప్పరించాడు, కసిరాడు. దొరసాని తల పక్కకి తిప్పుకుంది.

ముడులమ్మ వెళ్ళి ఒక ఎండు గోనెసంచీ తెచ్చి, ఎడమ చేత్తో బల్ల మీద పరిచింది. నాలుగు మూలలా కాలితో తొక్కి, జారదు కదా అని చూసుకుంది. మళ్ళీ ఒకసారి తొక్కి చూసుకుంది.

“ఇక రమ్మనండి” అంది.

గుర్రం గోనె వాసన చూసింది. ఒక గిట్ట పెట్టింది, తీసేసింది. మళ్ళీ పెట్టింది. ముడులమ్మ దాని వెనక కాళ్ళ వంకే చూస్తూ, అది పూర్తిగా లోపలికెళ్ళి నిలబడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.